పాత ర్యామ్ డబ్బా నిండా ఉంది: కిలో లెక్కన ఇచ్చేయాలా, విడిగా అమ్మాలా, వాడుకోవాలా?

విభాగం: హార్డ్‌వేర్ › పాత సామాను

తెనాలి_టైపిస్టు | 17 జనవరి 2026, ఉదయం 10:14

అందరికీ నమస్కారం. మాది కంప్యూటర్ కోచింగ్ సెంటర్. డీసీఏ, ట్యాలీ, టైపింగు చెబుతాం. సిస్టమ్స్ మార్చినప్పుడల్లా పాతవాటిలోంచి తీసిన ర్యామ్‌లు (మెమరీ చిప్పులుండే పట్టీలు) ఓ కాజాల డబ్బాలో పడేస్తూ వచ్చాం. ఇప్పుడది మూత పట్టట్లేదు.

పాత సామాన్లు కొనే అతను పండక్కి ముందు వచ్చి చూసి, మొత్తం కిలో లెక్కన తీసుకుంటానన్నాడు. మదర్‌బోర్డులకి ఇచ్చే రేటు కన్నా చాలా ఎక్కువే చెప్పాడు. నా అనుమానం అక్కడే. ఇన్నాళ్లూ ఆ డబ్బా వంక చూడనివాడు ఇప్పుడు పదే పదే ఫోన్ చేస్తున్నాడు. కొత్త ర్యామ్ రేట్లు పెరిగాయని పేపర్లో చదివాను. పాతవాటికి కూడా పెరిగాయా? ఇచ్చేయమంటారా, ఆగమంటారా?

పార్క్‌లేన్_భయ్యా | ఉదయం 10:31

ఆగు అన్నా. కిలో లెక్కన అస్సలియ్యకు. ఆయన అడిగేది రెండిట్ల ఒకదానికి. ఒకటి, అంచు పిన్నుల మీదున్న బంగారు పూత కోసం. రెండోది, మంచి పీసులు ఏరి మా అసొంటోళ్లకు పీసు లెక్కన అమ్మనీకి. ఇప్పుడైతే రెండోదే.

నేను సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ల కూసుంటా, దినాం చూస్తున్న. పోయినేడు ఈ టైముకు కొత్త 16జీబీ డీడీఆర్4 (డీడీఆర్ పక్కనున్న అంకె ర్యామ్ తరం, పెద్దదైతే కొత్తది) మూడు వేలకు అటూ ఇటూ దొరికేది. ఇప్పుడు వాడిన దానికే గంతకన్న ఎక్కువ అడుగుతున్రు, అది గూడ వారం చెకింగ్ వారంటీ మీద.

ముందుగాల వేరు జెయ్యి. స్టిక్కర్ మీద పీసీ2 అనుంటే డీడీఆర్2, పీసీ3 అంటే డీడీఆర్3, పీసీ4 అంటే డీడీఆర్4. లేబుళ్లు ఉన్నదున్నట్టు ఈడ రాయి, చెప్తం.

తెనాలి_టైపిస్టు | ఉదయం 11:20

అన్నా కాదు బాబూ, అక్కా అను :)

మా అబ్బాయి చేత టేబుల్ మీద పరిపించి కుప్పలు పెట్టించాను. ఒక్కో కుప్ప నుంచి ఒక్కో లేబుల్:

2జీబీ 2ఆర్‌ఎక్స్8 పీసీ2-6400యూ-666-12
4జీబీ 1ఆర్‌ఎక్స్8 పీసీ3-12800యూ-11
4జీబీ 1ఆర్‌ఎక్స్8 పీసీ3ఎల్-12800ఎస్-11 (ఇవి పొట్టివి)
8జీబీ 1ఆర్‌ఎక్స్8 పీసీ4-2400టీ-యూఏ2-11
16జీబీ 2ఆర్‌ఎక్స్4 పీసీ4-2133పీ-ఆర్ఏ0-10

చివరివి 16జీబీలు కదా, వాటికి బాగా వస్తుందనుకుంటున్నా. ఒకాయన మూసేసిన ఆఫీసు సామాను అమ్ముతుంటే కొన్న సర్వర్‌లోవి అవి. కానీ మా సిస్టమ్‌లో పెడితే డిస్‌ప్లే రావట్లేదు, బీప్ కొడుతోంది. పోయాయంటారా?

సర్వర్_సుబ్బు | ఉదయం 11:48

పోలేదండి. డెస్క్‌టాప్‌లో అవి పనిచేయవు, అంతే.

లేబుల్‌లో స్పీడు అంకె తర్వాత వచ్చే అక్షరం చూడండి. డీడీఆర్4లో మాత్రం ఆ తర్వాతి అడ్డగీత పక్కన ఉన్న అక్షరం చూడాలి. యూ ఉంటే మామూలు డెస్క్‌టాప్ ర్యామ్. ఎస్ ఉంటే ల్యాప్‌టాప్‌ది. ఆర్ ఉంటే రిజిస్టర్డ్, అంటే సర్వర్‌ది. ఎల్ ఉంటే అది కూడా సర్వర్‌దే, ఇంకో రకం. పీసీ3ఎల్‌లో మొదట వచ్చే ఎల్ వేరు, అది వోల్టేజీ గురించి. మీ చివరి కుప్పలో ‘ఆర్ఏ0’ అని ఉంది కదా, ఆ ఆర్ చాలు. స్టిక్ మధ్యలో మిగతా వాటికన్నా వేరుగా ఓ చిన్న చిప్ కనపడుతుంది, అదే రిజిస్టర్. ప్రాసెసర్ నుంచి వచ్చే అడ్రస్, కమాండ్ సిగ్నళ్లు ముందు దానికి చేరి, అక్కణ్ణుంచి మెమరీ చిప్పులకి వెళతాయి. మామూలు డెస్క్‌టాప్ బోర్డుకి ఆ ఏర్పాటు తెలియదు, అందుకే బూట్ అవ్వదు. డీడీఆర్4లో వచ్చిన చిక్కేంటంటే రెండింటికీ 288 పిన్నులే, గాడి కూడా ఒకే చోట ఉంటుంది. కాబట్టి స్లాట్‌లో చక్కగా కూర్చుంటుంది, తర్వాత ఏడిపిస్తుంది. డీడీఆర్5కి వచ్చేసరికి గాడి జరిపారు, సర్వర్‌ది డెస్క్‌టాప్‌లో అసలు దిగదు.

వీటిని కొనేవాళ్లు వేరే. పాత సర్వర్లు బాగుచేసి అమ్మేవాళ్లు, ఇంట్లో సర్వర్ పెట్టుకునే పిచ్చోళ్లు (నేనూ ఆ బాపతే), చైనా ఎక్స్99 బోర్డుల మీద పాత జియాన్ (ఇంటెల్ సర్వర్) ప్రాసెసర్ పెట్టి సిస్టమ్ కట్టుకునే కుర్రాళ్లు. ఆ బోర్డుల్లో చాలావరకు రిజిస్టర్డ్ ర్యామ్ తీసుకుంటాయి. అమ్మేటప్పుడు మాత్రం ‘సర్వర్ ర్యామ్, డెస్క్‌టాప్‌లో పనిచేయదు’ అని పెద్దక్షరాలతో రాయండి. లేకపోతే కొన్నవాడు మర్నాడే తిరిగొస్తాడు.

పార్క్‌లేన్_భయ్యా | మధ్యాహ్నం 12:05

అక్కా, మాఫ్ జెయ్ :)

సుబ్బన్న చెప్పింది కరెక్ట్. మిగిలినయి: డీడీఆర్2 ఎవ్వలు అడుగరు, అది కిలోకే. పొట్టి డీడీఆర్3ఎల్ మస్తు పోతది, పాత ల్యాప్‌టాపులల్ల 4జీబీ ఉన్నోళ్లంతా ఇంకోటి ఎక్కించుకుంటున్రు. ఎల్ అంటే 1.35 వోల్టులు. డీడీఆర్3ఎల్ అడిగే ల్యాప్‌టాపుల 1.5 వోల్టుల మామూలు డీడీఆర్3 పెడితే లేవదు, గది చూసుకొని అమ్మాలె.

చంటి_బీటెక్ | మధ్యాహ్నం 12:40

నాకో డౌటు. అంతా ఏఐ వల్లే అంటున్నారు. ఏఐ వాళ్లు ఈ అక్క డబ్బాలో ఉన్న డీడీఆర్3తో ఏం చేస్తారు? దుకాణాల వాళ్లు సందు చూసి పెంచేస్తున్నారని నా ఫీలింగ్.

వేఫర్_వాణి | మధ్యాహ్నం 1:22

డీడీఆర్3తో వాళ్లకి పనిలేదు తమ్ముడూ. కానీ డీర్యామ్ (అంటే ఈ ర్యామ్‌లలో ఉండే మెమరీ) చిప్పులు చేసే పెద్ద కంపెనీలు ముచ్చటగా మూడే: శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. ఏఐ ప్రాసెసర్ల పక్కన పెట్టే హెచ్‌బీఎం కూడా డీర్యామే, చిప్పులు ఒకదాని మీద ఒకటి పేర్చి చేస్తారు. అంతే మెమరీకి డీడీఆర్5 కన్నా దాదాపు మూడింతల వేఫర్ (చిప్పులు చేసే సిలికాన్ బిళ్ల) పోతుందని మైక్రానే చెప్పింది. లాభం కూడా అందులోనే ఎక్కువ. రుబ్బిన పిండి అంతే ఉంది, గారెలకి గిరాకీ వచ్చింది, ఇడ్లీలు తగ్గాయి.

దానికి తోడు 2025 అక్టోబరులో చాట్‌జీపీటీ చేసిన ఓపెన్‌ఏఐ, స్టార్‌గేట్ అనే తన డేటా సెంటర్ల ప్రాజెక్టు కోసం శాంసంగ్, హైనిక్స్‌లతో అవగాహనకి వచ్చింది. అప్పుడు చెప్పిన లక్ష్యం నెలకి 9 లక్షల వేఫర్లు. డిసెంబరు 3న మైక్రాన్ క్రూషియల్ బ్రాండ్ కింద మనలాంటి వాళ్లకి అమ్మడం ఆపేస్తున్నామని ప్రకటించింది, 2026 ఫిబ్రవరితో సరఫరా ఆఖరు అంది. పెద్ద కంపెనీలు డీడీఆర్4 తగ్గించుకునే పని అంతకు ముందే మొదలుపెట్టాయి, అందుకే దాని రేటు 2025 మధ్యలోనే లేచింది.

ఇక డీడీఆర్3. కొత్త సిస్టమ్ కొనలేనివాడు పాతది బాగుచేయించుకుంటాడు, అప్పుడు కావాల్సింది అదే. పైగా రౌటర్లు, సెట్‌టాప్ బాక్సుల్లాంటి వాటిలో డీడీఆర్3 ఇంకా వాడుతున్నారు. తైవాన్‌లో నాన్యా, విన్‌బాండ్ లాంటివాళ్లు చేస్తున్నారు గానీ అదెంతని.

దుకాణాల వాళ్లు పెంచట్లేదని నేననను. భయ్యా గారే చెప్పాలి.

పార్క్‌లేన్_భయ్యా | మధ్యాహ్నం 1:30

నాకు డిస్ట్రిబ్యూటర్ పొద్దుగాల ఒక రేటు, సాయంత్రం ఒక రేటు చెప్తుండు. పాత స్టాకు పెట్టుకున్నోడు సంపాయించిండు, కాదన. నాకాడ స్టాకే లేకుండె.

చంటి_బీటెక్ | మధ్యాహ్నం 1:34

మన గుజరాత్ సాణంద్‌లో మైక్రాన్ ఫ్యాక్టరీ పెట్టారుగా? అక్కడ చేసేయొచ్చు కదా.

వేఫర్_వాణి | మధ్యాహ్నం 1:41

అక్కడ జరిగేది అసెంబ్లీ, టెస్టింగ్, ప్యాకేజింగ్. వేఫర్లు బయట నుంచి రావాల్సిందే. వేఫర్ల మీద చిప్పులు చేసే ఫ్యాక్టరీ కట్టి, మిషన్లు పెట్టి, సరుకు బయటికి రావడానికి ఏళ్లు పడుతుంది.

పాతకాపు | మధ్యాహ్నం 2:50

ఇలాంటివి చాలా చూశాం బాబూ. 1993 జులై 4న జపాన్‌లోని నీహామాలో సుమిటోమో కెమికల్ ప్లాంటు పేలింది. చిప్పులు ప్యాక్ చేయడానికి వాడే ఎపాక్సీ రెజిన్ ప్రపంచానికి సగానికి పైగా అక్కణ్ణుంచే వచ్చేది. మెమరీ కొరత ఇంకా రాలేదు, భయానికే రేట్లు లేచాయి. 1999 సెప్టెంబరు 21న తైవాన్ భూకంపం, 2013 సెప్టెంబరులో చైనా వూషీలో హైనిక్స్ ఫ్యాక్టరీలో మంటలు. ప్రతిసారీ ఇదే గోల. మధ్యలో కంపెనీలు తమలో తాము కూడబలుక్కుని రేట్లు నిలబెట్టిన సంగతీ ఉంది. 2005లో శాంసంగ్ అమెరికాలో నేరం ఒప్పుకుని 30 కోట్ల డాలర్ల జరిమానా కట్టింది.

పాతవి వాడుకోవడమూ కొత్త కాదు. తొంభైల్లో 30 పిన్నుల సిమ్ములుండేవి (ఫోన్ సిమ్ కాదు, అప్పటి ర్యామ్ పట్టీలు). కొత్త బోర్డుల్లో 72 పిన్నుల స్లాట్లు వచ్చేసరికి పాతవి నాలుగు గుచ్చి ఒక స్లాట్‌లో పెట్టే అడాప్టర్లు అమ్మారు. చెట్టు కొమ్మల్లా పైకి లేచి ఉండేవి, కేబినెట్ మూత పడేది కాదు. అయినా వాడాం, కొత్తవి కొనే స్తోమత ఎవరికుంది?

మోసాలు కూడా అప్పుడే మొదలు. 1995లో సాఫ్ట్‌ర్యామ్95 అని ఒక ప్రోగ్రాం వచ్చింది, ఇన్‌స్టాల్ చేస్తే మెమరీ రెట్టింపు అవుతుందన్నారు. లక్షల కాపీలు అమ్ముడయ్యాయి. విప్పి చూస్తే అది చేసేది ఏమీ లేదు. అమెరికా వ్యాపార నియంత్రణ వాళ్లు పట్టుకున్నారు.

లైనక్స్_లలిత | మధ్యాహ్నం 3:15

పాతకాపు గారూ, వాళ్లు అబద్ధం చెప్పి అమ్మిన పని ఇప్పుడు నిజంగానే ఉచితంగా జరుగుతోందండి. లైనక్స్‌లో (విండోస్‌కి బదులు వాడుకునే ఉచిత సిస్టమ్) జెడ్‌ర్యామ్ అని ఉంది. ర్యామ్‌లోనే కొంత భాగాన్ని పక్కన పెట్టి, వెంటనే అవసరం లేని డేటాని కుదించి అందులో దాస్తుంది. మామూలు ఆఫీసు పనిలో ఆ డేటా సగానికో మూడో వంతుకో తగ్గుతుంది. ఫెడోరా అనే లైనక్స్‌లో 2020లో వచ్చిన 33వ వెర్షన్ నుంచి అది ముందే ఆన్ చేసి ఇస్తున్నారు. ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ ఇదే.

టైపిస్టు అక్కా, మీ 4జీబీ డీడీఆర్3లు అమ్మకండి. మీ ల్యాబ్‌లో ఇంకా డీడీఆర్3 బోర్డులు ఉంటే ఒక్కోదానిలో రెండేసి పెట్టండి. ఒకటే ఉన్నదానికన్నా రెండు ఒకలాంటివి పెడితే డ్యూయల్ ఛానల్‌లో (రెండూ ఒకేసారి) నడుస్తాయి, ఆన్‌బోర్డ్ గ్రాఫిక్స్‌కి తేడా బాగా తెలుస్తుంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో అయిపోయింది. టైపింగు, లిబ్రేఆఫీస్ నేర్పే సిస్టమ్స్‌కి మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ (తేలికైన లైనక్స్) వేస్తే 8జీబీ హాయిగా సరిపోతుంది. ట్యాలీ నేర్పేవి మాత్రం విండోస్ మీదే ఉంచాలి.

ఆ స్టిక్ అమ్మితే మీకొచ్చేది కొన్ని వందలు. అదే స్టిక్ కొత్తగా కొనాల్సొస్తే ఇప్పుడు ఎంతో చూడండి.

పావలా_లాభం | మధ్యాహ్నం 3:22

[నిర్వాహకులు తొలగించారు]

నిర్వాహకుడు | మధ్యాహ్నం 3:40

కొంటాం, అమ్ముతాం, ఇన్‌బాక్స్‌కి రండి అనే పోస్టులు ఈ విభాగంలో వద్దు. దానికి వేరే విభాగం ఉంది. ఫోన్ నంబర్లు అసలే పెట్టకండి.

చంటి_బీటెక్ | మధ్యాహ్నం 3:52

నేను యూట్యూబ్‌లో చూశా, ఆసిడ్‌లో వేస్తే బంగారం తేలిపోతుందట. డీడీఆర్2లు నాకు ఇవ్వొచ్చు కదా అక్కా :D

వేఫర్_వాణి | మధ్యాహ్నం 3:58

వద్దు నాయనా. నైట్రిక్ ఆసిడ్ పొగ ఊపిరితిత్తుల్ని కాల్చేస్తుంది, మిగిలిన నీళ్లు కాలవలో పోస్తే ఇంకో పాపం. పూత మందం మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా ఉండదు, డబ్బాడు డీడీఆర్2 కరిగించినా నీ ఆసిడ్ డబ్బులు తిరిగొస్తాయో లేదో. పనికిరానివి లైసెన్స్ ఉన్న ఈ-వేస్ట్ వాళ్లకే ఇవ్వాలి.

తెనాలి_టైపిస్టు | సాయంత్రం 4:30

చంటీ, నీకు ఇవ్వను, మీ అమ్మగారు నన్ను తిడతారు.

లలిత గారూ, మీ మాట బాగుంది. మా ల్యాబ్‌లో డీడీఆర్3వి ఇంకా ఉన్నాయి, అన్నీ 4జీబీ మీదే ఈడుస్తున్నాయి. కానీ ఇవి పనిచేస్తున్నాయో లేదో ఎలా తెలుస్తుంది? పిన్నులు నల్లగా ఉన్నాయి. రబ్బరుతో రుద్దమని మావాడు అంటున్నాడు.

పార్క్‌లేన్_భయ్యా | సాయంత్రం 4:36

రుద్దు అక్కా. మా మార్కెట్ల జేబుల రబ్బరు లేని టెక్నీషియన్ ఉండడు.

సర్వర్_సుబ్బు | సాయంత్రం 4:50

భయ్యా, రుద్దిరుద్దే ఆ పూత పోగొడతారు. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో గుడ్డ తడిపి తుడిస్తే చాలు. నల్లగా ఉన్నది చాలావరకు జిడ్డూ దుమ్మూ.

పార్క్‌లేన్_భయ్యా | సాయంత్రం 4:55

రేపు ఆదివారం, తెనాలిల ఐసోప్రొపైల్ యాడ దొరుకుతది సుబ్బన్నా. తెల్ల పెన్సిల్ రబ్బరు, మెల్లగ, పొడి దులపాలె. ఇంకు రబ్బరు వద్దు, అది గీకుతది.

సర్వర్_సుబ్బు | సాయంత్రం 5:20

సరే, ఆదివారానికి రబ్బరు ఒప్పుకున్నా.

టెస్టింగ్ ఇలా చేయండి. పెన్‌డ్రైవ్‌లో మెమ్‌టెస్ట్86+ అనే ర్యామ్ పరీక్ష ప్రోగ్రాం వేసుకోండి, ఉచితం. సిస్టమ్ ఆపి, కరెంటు తీగ పీకి, కేబినెట్ ఇనుము ఒకసారి ముట్టుకుని (చేతిలో ఉన్న స్టాటిక్ పోతుంది) అప్పుడు ర్యామ్ మార్చండి. ఒక్కో స్టిక్ ఒక్కటే పెట్టి, ఎప్పుడూ ఒకే స్లాట్‌లో పెట్టి నడపండి. రెండూ కలిపి పెడితే తప్పు ఎవరిదో తెలియదు. కనీసం ఒక పాస్ (మొత్తం ఒక రౌండు) పూర్తవ్వాలి. నమ్మకంగా అమ్మాలంటే రాత్రంతా వదిలేయండి. ఎర్ర గీత (అంటే తప్పు) ఒక్కటి కనపడినా ఆ స్టిక్ పక్కన పెట్టేయండి. పాసైన దానికి వెనకాల పెన్సిల్‌తో కాగితం ముక్క మీద తేదీ రాసి అంటించండి, స్టిక్ మీద రాయకండి.

విజయ_అకౌంట్స్ | సాయంత్రం 6:10

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా ఆఫీసు సిస్టమ్స్ కూడా అమ్ముతున్నాం. క్లయింట్ల జీఎస్టీ డేటా అంతా వాటిలోనే. ర్యామ్‌తో పాటు డేటా పోదు కదా?

సర్వర్_సుబ్బు | సాయంత్రం 6:18

పోదండి. కరెంటు ఆగితే ర్యామ్‌లో ఉన్నది చెరిగిపోతుంది. 2008లో ప్రిన్స్‌టన్ పరిశోధకులు చిప్పుల్ని గడ్డకట్టించి నిమిషాల పాటు డేటా నిలబెట్టి చూపించారు, కానీ అది నడుస్తున్న సిస్టమ్ మీద అప్పటికప్పుడు చేసే పని. వారం కిందట పీకిన స్టిక్‌లో ఏమీ ఉండదు. మీరు భయపడాల్సింది హార్డ్‌డిస్క్, ఎస్‌ఎస్‌డీల గురించి. అవి తీసి దాచుకుని మిగతాది అమ్మండి.

ఆడిటర్_గారు | రాత్రి 7:05

టైపిస్టు గారు, సిస్టమ్స్ కొన్నప్పుడు ఐటీసీ (కొనుగోలు మీద కట్టిన జీఎస్టీని మినహాయించుకోవడం) తీసుకున్నారా అన్నది చూసుకోండి. తీసుకుని ఉంటే అమ్మేటప్పుడు జీఎస్టీ చట్టం సెక్షన్ 18(6) వర్తిస్తుంది, అంటే పన్ను కట్టాల్సి ఉంటుంది. భయ్యా లాంటి పాత సరుకు డీలర్లకైతే రూల్ 32(5) ఉంది. కొన్నప్పుడు ఐటీసీ తీసుకోకపోతే కొన్న రేటుకీ అమ్మిన రేటుకీ ఉన్న తేడా మీదే పన్ను. మీ ఆడిటర్‌కి ఒక ఫోన్ కొట్టండి, ఇక్కడి మాటల మీద రిటర్న్ వేయకండి.

ఫ్రిస్కో_శ్రీను | రాత్రి 9:47

డల్లాస్ దగ్గర నుంచి. వచ్చే నెల ఇండియా వస్తున్నా. మా బావమరిది రెండు 32జీబీ కిట్లు తెమ్మంటున్నాడు. ఇక్కడా మండిపోతున్నాయి బాబోయ్. తేవాలా?

పార్క్‌లేన్_భయ్యా | రాత్రి 9:58

రెండు దిక్కుల రేటు చూసి, వారంటీ ఈడ నడుస్తదా లేదా అడిగి తే. తేడా కొద్దిగనే ఉంటే ఆ బరువుకు చాక్లెట్లు తే.

సర్వర్_సుబ్బు | 18 జనవరి, ఉదయం 8:30

పాత డీడీఆర్4 గురించి ఇంకో ముక్క. ఇది మన డబ్బాలకే పరిమితం కాదు. పెద్ద డేటా సెంటర్లలో తీసేసిన సర్వర్ల డీడీఆర్4ని సీఎక్స్‌ఎల్ కార్డుల మీద పెట్టి కొత్త సర్వర్లకి అదనపు మెమరీగా తగిలించే పద్ధతి వచ్చింది. మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 2024లో దీని మీద పేపర్ వేశారు. మార్వెల్ అనే చిప్ కంపెనీ ఇందుకోసమే డీడీఆర్4 తీసుకునే చిప్ తెచ్చింది. కాబట్టి ఆ 16జీబీ ఆర్‌లని చులకనగా ఇచ్చేయకండి అక్కా.

పార్క్‌లేన్_భయ్యా | ఉదయం 9:10

కొనేటోళ్లకు గూడ ఒక మాట. 8జీబీ డీడీఆర్3 సస్తగ దొరికిందని ఉరుకకుండ్రి. ‘ఏఎండీకి మాత్రమే’ అనే రకం ఒకటుంది, ఇంటెల్ బోర్డు మీద లేవదు. బోర్డు ఏంది అని అడుగకుండ అమ్మేటోని కాడ కొనకుండ్రి. హీట్‌సింక్ రేకు ఉన్నయి గూడ జాగ్రత్త, కింద ఏ చిప్పులున్నయో కనవడదు. లోపలున్న ఎస్‌పీడీ చిప్పుల (ర్యామ్ వివరాలు దాసుకునే చిన్న చిప్పు) సమాచారం గూడ తిరగరాస్తున్రు. సీపీయూ-జెడ్ అనే ప్రోగ్రాంల స్పీడు 3200 అని కనవడ్డా, బోర్డుల పెట్టి మెమ్‌టెస్ట్ నడవనీయకుండ పైసలియ్యకుర్రి.

తెనాలి_టైపిస్టు | 24 జనవరి, సాయంత్రం 5:12

అందరికీ థాంక్స్. ల్యాబ్ డీడీఆర్3 సిస్టమ్స్ అన్నీ 8జీబీ అయ్యాయి. టైపింగ్ బ్యాచ్‌వి మింట్‌కి మార్చాం, పిల్లలు తేడానే గమనించలేదు. పొట్టివి కొన్ని మా స్టూడెంట్లకే తక్కువకి ఇచ్చాను. డీడీఆర్4 యూలు అట్టేపెట్టాను, ఇప్పుడు కొనలేను కాబట్టి అవే స్పేర్లు. సర్వర్‌వి గుంటూరులో ఒకాయన వచ్చి, తన సర్వర్‌లోనే పెట్టి టెస్ట్ చేసుకుని పట్టుకెళ్లారు. ఆ కిలో అతను డీడీఆర్2 ఒక్కటే ఇస్తానంటే ఫోన్ పెట్టేశాడు!

ఒక అనుమానం మిగిలింది. ఒక 4జీబీ స్టిక్‌లో ఎర్ర గీతలు వస్తున్నాయి, కానీ ప్రతిసారీ ఒకే అడ్రస్ దగ్గర, కాసినే. పారేయాల్సిందేనా?

లైనక్స్_లలిత | సాయంత్రం 5:40

లైనక్స్ సిస్టమ్‌కైతే పారేయక్కర్లేదు. బూట్ అయ్యేటప్పుడు కెర్నల్‌కి (లైనక్స్ గుండెకాయ) మెమ్‌మ్యాప్ ఆప్షన్ ఇచ్చి, ఆ అడ్రస్ చుట్టూ కాస్త జాగా ముట్టుకోవద్దని చెప్పొచ్చు. మిగతా అంతా వాడుకుంటుంది. దాన్ని గ్రబ్ (లైనక్స్‌ని బూట్ చేసే ప్రోగ్రాం) ఫైల్‌లో రాసేటప్పుడు అందులో వచ్చే డాలర్ గుర్తు ముందు బ్యాక్‌స్లాష్‌లు పెట్టాలి, లేకపోతే గ్రబ్ దాన్ని మింగేస్తుంది, లైన్ పనిచేయదు. రెండు స్టిక్‌లు కలిపి పెడితే అడ్రస్‌లు మారిపోతాయి, అందుకే వాడబోయే స్లాట్లలో పెట్టాకే మళ్లీ మెమ్‌టెస్ట్ చేసి అడ్రస్ రాసుకోండి. విండోస్‌లోనూ బీసీడీఎడిట్ అనే కమాండ్‌తో చెడ్డ మెమరీ జాబితా ఇవ్వొచ్చు గానీ, ఫీజుల లెక్కలుండే సిస్టమ్‌లో మాత్రం ఈ స్టిక్ పెట్టకండి.

సర్వర్_సుబ్బు | సాయంత్రం 5:52

గీతలు రోజురోజుకీ పెరుగుతున్నాయేమో నెలకోసారి చూడండి. పెరిగితే తీసేయడమే. దాన్ని మాత్రం ఎవరికీ అమ్మకండి అక్కా, ఎంత తక్కువకైనా.

తెనాలి_టైపిస్టు | సాయంత్రం 6:03

సరేనండి. టైపింగ్ గదిలో చివరి సిస్టమ్‌కి పెడతాను. లలిత గారూ, ఆ బ్యాక్‌స్లాష్‌లు ఒకటా, రెండా, మూడా?

లైనక్స్_లలిత | సాయంత్రం 6:05

మూడు.